ఒకే రంగు క్యాంపు: రంగు అతిథి తెచ్చుకోవాలా, మనం ఇవ్వాలా?

ఒకే రంగు క్యాంపు, అంటే ఉత్సవంలో అంతా ఒకే రంగులో కనిపించే విడిది, అనగానే చాలామందికి ముందుగా తోచేది ఆహ్వానంలో రాయవలసిన ఒక వాక్యం: ‘ఫలానా రంగు బట్టలు వేసుకుని రండి.’ అమెరికాలోని నెవాడా ఎడారిలో ఏటా వేసవి చివర జరిగే బర్నింగ్ మ్యాన్ కళోత్సవంలో పసుపు రంగు క్యాంపు నడిపే బృందంలో కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. ఆ వాక్యం ఎందుకు రాయకూడదో, దాని బదులు ఏం చేయాలో వివరంగా చెప్పడానికే ఈ వ్యాసం. నా వాదన సూటిగా ఇది: రంగు అతిథి తెచ్చుకోవలసిన అర్హత కాకూడదు, క్యాంపు సమకూర్చవలసిన ఆతిథ్యం కావాలి. పైకి చిన్న తేడాలాగే కనిపిస్తుంది. కానీ పందిరి గుడ్డ కొనడం దగ్గర మొదలుపెట్టి చివరి రోజున నేల మీద చెత్త ఏరడం దాకా ప్రతి నిర్ణయాన్నీ ఈ తేడా మార్చేస్తుంది.

ఉత్సవం గురించి తెలియనివారి కోసం కొంత నేపథ్యం చెప్పాలి. 1986లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని బేకర్ బీచ్‌లో లారీ హార్వే, జెర్రీ జేమ్స్ అనే మిత్రులు కొద్దిమంది సమక్షంలో ఎనిమిదడుగుల కొయ్యబొమ్మను కాల్చారు. 1990లో ఆ ఆనవాయితీ నెవాడాలోని బ్లాక్ రాక్ ఎడారికి చేరింది. రేనో నగరం నుంచి వంద మైళ్లకు పైగా ప్రయాణించి, గెర్లాక్ అనే చిన్న ఊరు దాటాక వచ్చే ఈ బయలు, లాహోంటన్ అనే ప్రాచీన సరస్సు ఎండిపోగా మిగిలిన అడుగు. చెట్టు లేదు, పుట్ట లేదు, తాగడానికి చుక్క నీరు లేదు. అలాంటి చోట ఆగస్టు చివర దాదాపు డెబ్భై వేల మంది చేరి బ్లాక్ రాక్ సిటీ అనే ఊరు కట్టుకుంటారు. సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డేతో దాన్ని విప్పుకుని వెళ్లిపోతారు. ఊరి నడుమ నిలిపిన కొయ్య మనిషిని శనివారం రాత్రి, ఆవల కట్టిన ఆలయాన్ని ఆదివారం రాత్రి కాలుస్తారు. నడుమ నుంచి బయటికి సాగే వీధులకు గడియారంలోని గంటల పేర్లు, రెండు నుంచి పది దాకా. వాటిని కలుపుతూ వంపు తిరిగే వీధులకు అక్షరక్రమంలో పేర్లు. ఆ ఎండిన నేలను అక్కడ అందరూ ప్లాయా అంటారు.

హార్వే 2004లో రాసిన పది సూత్రాల మీదనే అక్కడ ప్రతి చర్చా నడుస్తుంది. ఎవరినైనా చేర్చుకోవడం, ప్రతిఫలం ఆశించకుండా ఇవ్వడం, కొనుగోలు అమ్మకాలను దూరంగా ఉంచడం, ఎవరి భారం వాళ్లు మోయడం, జాడ మిగల్చకుండా వెళ్లడం వాటిలో కొన్ని. మామూలు సందర్శకుడికి అక్కడ డబ్బు పెట్టి కొనుక్కోగలిగేది దాదాపు ఐసు ఒక్కటే. తక్కినదంతా వెంట తెచ్చుకున్నదో, ఎవరో ఇచ్చినదో అవుతుంది. ఆ ఇచ్చే పనిని పదిమందికీ కనిపించేటట్టు, ఒక పద్ధతి ప్రకారం చేసేవే థీమ్ క్యాంపులు. ఊళ్లో ముందుగా స్థలం కేటాయించాలంటే ప్లేస్‌మెంట్ బృందానికి నెలల ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. మీరు ఎవరికి ఏమిస్తారు, పగలూ రాత్రీ ఎప్పుడు తెరిచి ఉంచుతారు, మీ స్థలంలో ఏది ఎక్కడ ఉంటుందో చూపే పటం ఏమిటి, పోయిన ఏడు వదిలి వెళ్లిన నేల ఎంత శుభ్రంగా ఉంది అన్నవి వాళ్లు చూస్తారు. రంగు బట్టలు వేసుకుని మనలో మనం సంతోషించడం ఆ ప్రశ్నలకు జవాబు కాదు. అక్కడే మా ఆలోచన మొదలైంది.

ఒకే రంగు మనుషుల్ని కలపగలదన్న సంగతి తెలుగువాళ్లకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. కార్తికం వచ్చిందంటే ఊరూరా నల్ల బట్టల అయ్యప్ప స్వాములు, విజయవాడ ఇంద్రకీలాద్రి దారి పొడవునా ఎర్ర బట్టల భవానీలు కనిపిస్తారు. మాల వేసుకున్న గుమాస్తాను ఆఫీసులో పై అధికారి కూడా ‘స్వామీ’ అనే పిలుస్తాడు. రైల్లో ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒకరికొకరు చోటిచ్చుకుని కూర్చుంటారు. రంగు చేసే పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే: కాసేపు హోదాను వెనక్కి నెట్టి, మాట కలపడానికి ఒక సాకు ఇస్తుంది. అయితే దీక్షలో రంగు మొక్కుతో వస్తుంది. మనిషి తనంతట తాను, మండలం రోజుల నియమానికి ఒప్పుకుని ఆ బట్ట కట్టుకుంటాడు. బడి యూనిఫాంలో రంగు ఆజ్ఞగా వస్తుంది. కళోత్సవంలో మన పందిరి ముందు నుంచి పోతున్న బాటసారికి మొక్కూ లేదు, ఆజ్ఞా వర్తించదు. అతను మనకేమీ బాకీ లేడు. మూడో దారి ఒక్కటే మిగులుతుంది, రంగును అతనికి ఇవ్వడం.

మేం పసుపును ఎంచుకోవడానికి ముందు చాలా చర్చ జరిగింది. మా బృందంలో కాలిఫోర్నియా బే ఏరియాలో ఉండే తెలుగువాళ్లు కొందరు, తెలుగుతో సంబంధం లేనివాళ్లు ఇంకొందరు. పసుపు అనగానే తెలుగువాళ్లలో పెద్దాయన ఒకరు, “అది పార్టీ రంగు కదమ్మా, ఫొటోలు చూసి మన ఊళ్లో ఏమనుకుంటారు?” అన్నారు. ఆయన సందేహం నిజమైనదే. ఎన్టీ రామారావు 1982లో తెలుగుదేశం పెట్టిన నాటి నుంచి పసుపు జెండా అంటే మన ఊళ్లలో ఒక రాజకీయ అర్థం ఉంది. గులాబీ అంటే తెలంగాణలో ఇంకో అర్థం, కాషాయానికి మరొకటి. జెండా ఎక్కని రంగు మన దగ్గర మిగిలి ఉందా అని ఆలోచిస్తే, ఏ రంగూ మిగల్లేదు. అలాగని పార్టీలకు రంగులన్నీ రాసిచ్చేసి మనం తప్పుకోవడం నాకు సమ్మతం కాలేదు. గడపకు రాసే రంగు, దుగ్గిరాల మార్కెట్ యార్డులోనూ నిజామాబాద్ యార్డులోనూ రాశులు పోసే పంట రంగు, పులిహోర రంగు పార్టీలకంటే ఎంతో పాతవి.

పార్టీ సంగతి కంటే నన్ను ఎక్కువగా ఆపిన అభ్యంతరం ఇంకొకటి ఉంది. పసుపు మన ఇళ్లలో అందరికీ పెట్టే రంగు కాదు. నా చిన్నతనంలో శ్రావణ శుక్రవారం పేరంటానికి మా పెద్దమ్మ పొద్దున్నే లేచి శనగలు నానబెట్టేది, తాంబూలాలు సర్దేది, పసుపు గిన్నెలో నీళ్లు సరిపోయాయో లేదో వేలితో చూసి ఇచ్చేది. పేరంటాళ్లు వచ్చేవేళకు వంటింట్లోకి వెళ్లిపోయేది. పెదనాన్న పోయిన తరువాత ఆవిడ కాళ్లకు ఎవరూ పసుపు రాయలేదు. ఎవరూ రావద్దనలేదు, ఆవిడా అడగలేదు. అందరికీ తెలిసిన నియమం కనుక ఎవరూ నోరు విప్పవలసిన అవసరమే రాలేదు. ఒక రంగును ఎవరు ధరించవచ్చో, ఎవరికి తగదో నిర్ణయించే అధికారం ఎంత మౌనంగా మనుషుల్ని గది బయట నిలబెడుతుందో నేను ఆ ఇంట్లో చూశాను. అందుకే ‘పసుపు బట్టల్లో ఉన్నవారికే లోపలికి’ అన్న మాట ఎంత సరదాగా రాసినా నాకు సరదాగా వినిపించదు. ఆ రంగునే తీసుకుని, దాన్ని అడిగిన ప్రతి ఒక్కరికీ పెట్టే క్యాంపు కట్టాలని పట్టుబట్టినదాన్ని నేనే. విధవ, సధవ, మగ, ఆడ, తెలుగు, పరాయి అన్న తేడా లేకుండా పెట్టగలిగితేనే పసుపు, లేకపోతే వేరే రంగు చూసుకుందాం అన్నాను.

ఇవ్వడం అంటే ఎలా? మొదటి జవాబు వెలుగు. మనుషుల బట్టలకు రంగు వేయడం కంటే వాళ్ల మీద పడే వెలుగుకు రంగు వేయడం తేలిక, న్యాయం కూడా. మధ్యాహ్నపు ఎండలో పసుపు గుడ్డ పందిరి కిందికి ఏ రంగు బట్టలతో వచ్చినవాళ్లైనా, అడుగు పెట్టిన క్షణంలోనే ఆ రంగులో కలిసిపోతారు. తెల్ల చొక్కా పసుపు అవుతుంది, బూడిద రంగు బంగారు ఛాయకు తిరుగుతుంది, నీలం నల్లబడి వెనక్కి తగ్గుతుంది. ఒలాఫర్ ఎలియాసన్ అనే కళాకారుడు 1997లో ఇదే సూత్రం మీద ఒక గది చేశారు. ఒకే తరంగదైర్ఘ్యపు పసుపు వెలుగునిచ్చే దీపాలు పెడితే, అందులోకి వచ్చినవాళ్లందరూ పసుపు, నలుపు ఛాయల్లోనే కనిపిస్తారు. మేం రాత్రిపూట వాడే అంబర్ ఎల్‌ఈడీ దీపాలు అంత శుద్ధమైన ఏకవర్ణం ఇవ్వవు. అయినా ఫలితం దానికి దగ్గరగానే ఉంటుంది, పైగా అవి బ్యాటరీల మీద తెల్లవార్లూ వెలుగుతాయి.

వెలుగు ద్వారా రంగు ఇవ్వాలనుకునేవాళ్లు రంగును ఎంచుకునేటప్పుడే ఈ లెక్క వేసుకోవాలి. నీలం గుడ్డ కింద మనుషుల ముఖాల్లో రక్తం లేనట్టు ఉంటుంది. ఆకుపచ్చ కింద అన్నం చూస్తే తినబుద్ధి కాదు. ఎరుపు కింద కాసేపు బాగుంటుంది గానీ కళ్లు అలసిపోతాయి. నలుపు ఎండను పీల్చుకుంటుంది, రాత్రి ఆ చీకట్లో కనిపించదు. దీపాలు లేని సైకిళ్లు, మనుషులు అక్కడ నిజంగానే ప్రమాదం. తెలుపుకు ప్లాయా ధూళి శత్రువు. ఆ ధూళి పిండిలా మెత్తగా, పాలిపోయిన రంగులో ఉండి అన్నిటినీ తన రంగులోకి మార్చుకుంటుంది. మంగళవారం నాడు టూటూలు (కుచ్చులు పోసిన జాలీ గుడ్డ పొట్టి పరికిణీలు), బుధవారం నాడు తెల్ల బట్టలు వేసుకునే అలవాటు ఆ ఊళ్లో చాలామందికి ఉంది. బుధవారపు తెలుపు సాయంత్రానికి ఏ రంగులో ఉంటుందో చూసినవాళ్లెవరూ తెల్ల క్యాంపు పెట్టరు. పసుపూ నారింజా ధూళిలో కొంత మసకబారినా వెచ్చగానే మిగులుతాయి.

ధూళి నేర్పే ఇంకో సంగతి, అడ్డంగా పరిచిన రంగు ముందు చచ్చిపోతుంది. తివాచీలు, బల్ల గుడ్డలు, దిండ్లు మొదటి గాలిదుమారంతోనే నేలలో కలిసిపోయి కనిపిస్తాయి. కాబట్టి రంగు మీద పెట్టే ఖర్చంతా నిలువుగా వేలాడే గుడ్డల మీద, తల కంటే ఎత్తున ఉండే కప్పు మీద పెట్టాలి. కప్పు విషయంలో గాలిని మరవకూడదు. నిండు గుడ్డ కడితే అది తెరచాపలా పందిరిని లేపుకుపోతుంది. అందుకని పైన గాలి దూరే వల గుడ్డను ఎండ కోసం శాశ్వతంగా కడతాం. దాని కింద పల్చటి పసుపు నూలు గుడ్డను తాళ్లతో, గాలి లేచిన వెంటనే ఇద్దరు మనుషులు చుట్టేయగలిగేటట్టు వేలాడదీస్తాం. గుంజల్ని అడుగు పొడవున్న మరమేకులతో నేలకు బిగిస్తాం. వాటిని దించేందుకూ తిరిగి తీసేందుకూ బ్యాటరీ డ్రిల్లు ఒకటి చాలు. ఈ గుడ్డ కొలతల మీద గడిపే గంటల్లో పదోవంతు కూడా ఎవరేం బట్టలు వేసుకోవాలన్న దాని మీద గడపవలసిన పని లేదని నా అనుభవం.

రెండో జవాబు పాదాలు. ప్లాయా నేల క్షారగుణం కలది. చెప్పుల్లేకుండా ఒకటి రెండు రోజులు తిరిగితే మడమలు, వేళ్ల సందులు మంటపుట్టి పగులుతాయి. దాన్ని అక్కడ ప్లాయా ఫుట్ అంటారు. విరుగుడుగా నీళ్లలో కొంచెం వెనిగర్ కలిపి తుడవడం అక్కడ అందరికీ తెలిసిన చిట్కా. ఆ చిట్కాను మన కాళ్ల పసుపుతో కలపడమే మా క్యాంపు పని. మధ్యాహ్నం పందిరి కింద నాలుగు పీటలు వేస్తాం. వచ్చినవాళ్లు కూర్చున్నాక, “మీ పాదాలు తాకవచ్చా?” అని అడుగుతాం, అవునంటేనే ముందుకు వెళ్తాం, గుడ్డ చేతికిస్తే తామే తుడుచుకుంటామన్నా సంతోషమే. వెనిగర్ నీళ్లతో తడిపిన గుడ్డతో ధూళి తీసి, మామూలు తడిగుడ్డతో మళ్లీ తుడిచి, ఆరనిచ్చి, పగుళ్లు లేని చోట్ల మాత్రమే పాదం అంచు వెంట పసుపు రాస్తాం. పళ్లెంలో పాదం పెట్టించి రాయడం వల్ల ఒక్క చుక్క కూడా నేల మీద పడదు.

ఇక్కడ జరిగే ఒక చిన్న విషయాన్ని దగ్గరగా చూడమని ప్రతి కొత్త సభ్యుడికీ చెబుతాను. తుడవడంలో వదిలిపోయిన ధూళి గోళ్ల చుట్టూ సన్నని గీతలా మిగిలితే, తడి పసుపు దాన్ని తాకిన చోట ఎర్రగా తిరుగుతుంది. పసుపులోని కర్కుమిన్‌కు క్షారం తగిలితే ఎరుపెక్కే గుణం ఉంది; పసుపులో సున్నం కలిపి పారాణి చేసే మన ఆడవాళ్లందరికీ రసాయన శాస్త్రం చదవకుండానే ఈ సంగతి తెలుసు. ఒకసారి ఒరెగాన్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, తన బొటనవేలి గోటి చుట్టూ కుంకుమ రంగు గీత తేలడం చూసి కాలు వెనక్కి తీసుకోబోయారు, రక్తం వచ్చిందేమో అనుకుని. వెనిగర్ చుక్క ఒకటి వేసి చూపిస్తే ఆ ఎరుపు మళ్లీ పసుపు అయింది. ఆవిడ రెండో పాదాన్ని సరిగా తుడవవద్దని, గీత అలాగే ఉండనివ్వమని అడిగారు. ఎడారి నేలా మన వంటింటి డబ్బాలోని పొడీ కలిసి ఆవిడ పాదం మీద గీసిన పారాణి అది. ‘పసుపు బట్టల్లో రండి’ అన్న ఆహ్వానం అలాంటి క్షణాన్ని ఎన్నటికీ ఇవ్వలేదు.

పాదాలు తాకే విషయంలో మా తెలుగు సభ్యులకే మొదట సంకోచం ఉండేది. అపరిచితుల కాళ్లు పట్టుకోవడమేమిటి అని ఒకరిద్దరు అన్నారు. పేరంటంలో వయసుతో నిమిత్తం లేకుండా ఇంటి ఇల్లాలు వచ్చిన ప్రతి పేరంటాలి కాళ్లకూ పసుపు రాస్తుందని, ఆ వంగడంలో చిన్నతనం ఏమీ లేదని చెప్పవలసి వచ్చింది. ఇష్టం లేనివాళ్లు ఆ పని చేయనక్కర్లేదు. పందిరి తాళ్లు చూసుకునేవాళ్లూ కావాలి కదా.

మూడో జవాబు గుడ్డ. పందిరి గుంజకు పసుపు పంచెలు, పాత నూలు చీరల ముక్కలు వేలాడదీసి ఉంచుతాం. కావలసినవాళ్లు భుజాన వేసుకోవచ్చు, తలకు చుట్టుకోవచ్చు, ముట్టుకోకుండా వెళ్లిపోవచ్చు. ఈ గుడ్డలన్నీ ఇళ్లలో మూలపడినవే. ఒక వారం కోసం కొత్త బట్టలు ఆన్‌లైన్‌లో తెప్పించి, తరువాత చెత్తబుట్టలో పడేయడం ఈ ఉత్సవంలో పెరుగుతున్న జబ్బు. రంగు నియమం పెట్టిన క్యాంపులు తెలియకుండానే దాన్ని పెంచుతాయి. నూటికి తొంభై మంది దగ్గర పసుపు చొక్కా ఉండదు కనుక, నియమం రాసిన రోజే కొనుగోలు మొదలవుతుంది. కొనుగోలు అమ్మకాలకు దూరంగా ఉండమనే ఊళ్లోకి ప్రవేశించడానికి కొనుక్కున్న బట్ట టికెట్టు కావడం నాకు బాధ కలిగిస్తుంది.

అద్దకం గురించి ఒక మాట. వంటింటి పసుపు నూలుకు చక్కగా పడుతుంది గానీ ఎండకు నిలవదు, వెలిసిపోతుంది. వాన పడితే రంగు వదులుతుంది. 2023లో ఉత్సవం చివరి రోజుల్లో వాన పడి, ప్లాయా అంతా జిగురు బురదై, వాహనాలు కదలకుండా ఆపేసి, శనివారం కాలవలసిన కొయ్య మనిషిని సోమవారం దాకా వాయిదా వేశారు. అలాంటి వానలో రంగు కారే గుడ్డ నేలను పాడుచేస్తుంది. అందువల్ల బయట వేలాడే గుడ్డలను పటికలో ఉడికించి బంతిపూల రంగు ఎక్కించాలి, లేదా నూలుకు పట్టే రియాక్టివ్ రంగును వాషింగ్ సోడాతో స్థిరపరచి, నీళ్లు తేటగా వచ్చేదాకా ఇంటి దగ్గరే ఉతకాలి. పసుపు పొడి పాదాల పళ్లెం దాటి బయటికి రాకూడదు.

ఇక నాతో విభేదించేవాళ్ల వాదనలోని బలాన్ని కూడా చెప్పాలి. నియమం లేకపోతే రంగు పలచబడుతుంది, నలుగురూ నాలుగు రంగుల్లో వస్తే ఒకే రంగు క్యాంపు అనే పేరే మిగలదు అంటారు మా బృందంలోని ఒక మిత్రుడు. ఆయన అంతకుముందు గులాబీ రంగు క్యాంపులో ఉండి వచ్చినవాడు. సాయంత్రం వందమంది నిండు గులాబీలో వీధి వెంట నడుస్తుంటే ఒళ్లు జలదరించిందని ఆయన చెప్పినప్పుడు నేను కాదనలేను. ఆ దృశ్యానికి శక్తి ఉంది. కానీ ఆ వందమందినీ వీధి చివర నిలబడి చూస్తున్న వెయ్యిమంది ప్రేక్షకులయ్యారు. చూసేవాళ్లు, చేసేవాళ్లు అన్న గీత చెరపడానికి పుట్టిన ఉత్సవంలో బట్టల రంగుతో ఆ గీతను మళ్లీ గీసుకోవడం ఎందుకన్నది నా ప్రశ్న. పైగా నిండు దృశ్యం కెమెరాల కోసం తయారైపోయే ప్రమాదం చాలా దగ్గరలో ఉంటుంది. ఫొటో కోసం వచ్చి, ఫొటోతో వెళ్లిపోయేవాళ్లకు మనం ఇచ్చినదీ లేదు, వాళ్లు పుచ్చుకున్నదీ లేదు.

ఆయన మాటలో నేను పూర్తిగా ఒప్పుకున్న భాగం ఒకటి ఉంది, క్యాంపు సభ్యులకు నియమం ఉండవలసిందే. కాకపోతే దానికి కారణం అందం కాదు, ఉపయోగం. ధూళి లేచి పది అడుగుల అవతల మనిషి కనిపించని వేళ, నీళ్లు ఎవరిని అడగాలో, దెబ్బ తగిలితే ఎవరిని పిలవాలో అతిథికి తెలియాలి. అందుకని పందిరి కింద పనిలో ఉన్నంతసేపు సభ్యులు నిలువెల్లా పసుపులోనే ఉంటారు. పని అయిపోయాక ఎవరి ఇష్టం వాళ్లది. సైకిళ్లకు కూడా పసుపు గుడ్డ పేలికలు కాదు, పసుపు టేపే చుట్టాలి. పేలికలు గాలికి చిరిగి ఎగిరిపోతాయి, టేపు అంటుకునే ఉండి వేల సైకిళ్ల మధ్య మన సైకిల్ని చూపిస్తుంది.

డబ్బు సంగతి త్వరగా ముగిస్తాను. పందిరి, నీళ్లు, బ్యాటరీలు, లారీ అద్దె సభ్యులందరూ చందాలుగా పంచుకుంటారు. ఇవ్వలేనివాళ్లు అద్దకంలోనో వంటలోనో ముందు నుంచే చేయి వేస్తారు. ఎవరు ఎంత ఇచ్చారన్నది లెక్క రాసేవారికి తప్ప ఇంకెవరికీ తెలియనవసరం లేదు. వంట పులిహోర. చింతపండు పులుసు ముందే ఉడికించి తెచ్చుకోవచ్చు, ఎండకు పాడవదు, పాలు పెరుగుల గొడవ లేదు, రంగు సరేసరి. బయటివారికి వండి పెట్టాలంటే నెవాడా రాష్ట్ర ఆరోగ్య శాఖ అనుమతి తీసుకోవాలి. వేరుశనగ గుళ్లు పడనివాళ్లు ఉంటారు కనుక గుళ్లు విడిగా గిన్నెలో పెట్టి, పక్కన పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టడం తప్పనిసరి.

శుభ్రత గురించి మాత్రం త్వరపడి ముగించలేను, ఎందుకంటే రంగు క్యాంపులు చెడ్డపేరు తెచ్చుకునేది ఇక్కడే. ఉండకూడని చోట ఉన్న ప్రతి వస్తువునూ అక్కడ మూప్ అంటారు. ఉత్సవం ముగిశాక సంస్థ తరఫు బృందం ఊరంతా నడిచి, ఒక్కో స్థలం ఎంత శుభ్రంగా ఉందో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో పటం మీద గుర్తిస్తుంది. ఆ నేల సమాఖ్య ప్రభుత్వ భూనిర్వహణ సంస్థది. ఎకరానికి సగటున ఒక చదరపు అడుగుకు మించి చెత్త మిగలకూడదని దాని షరతు. అనుమతి కొనసాగడం ఆ తనిఖీ మీదే ఆధారపడి ఉంటుంది. ఇక రంగు మీద మోజుతో తెచ్చే ఈకల మాలలు, తళుకులు, చెమ్కీ, మెరుపు పొడి సరిగ్గా ఆ నేలకు అన్నిటికంటే పెద్ద బెడద. రంగు అతిథి బాధ్యత అని చెప్పిన రోజున అతను దాన్ని ఏ రూపంలో తెస్తాడో మన చేతిలో ఉండదు. రంగు మన బాధ్యత అయితే మనం ఎంచిన గుడ్డే ఉంటుంది: అంచులు కుట్టినది, దారాలు ఊడనిది, అతికించిన అలంకారం ఏదీ లేనిది. కాళ్లు తుడిచిన నీళ్లూ అంతే, నేల మీద పారబోయడానికి వీల్లేదు, డబ్బాల్లో పట్టి వెంట తీసుకుపోవాలి. మనిషికి రోజుకు గాలన్నర నీళ్లు తెచ్చుకోమని చెప్పే చోట, బకెట్లతో కాళ్లు కడగకుండా స్ప్రే సీసాతో గుడ్డ తడిపి తుడవడానికి కారణం కూడా ఇదే. చివరి రోజు అందరం చేయి చేయి అందేటంత దూరంలో వరసగా నిలబడి, తలలు వంచుకుని, స్థలం ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తాం. పసుపు పోగు ఆ పాలిపోయిన నేల మీద వెంటనే కంటపడుతుంది. మమ్మల్ని ఎక్కువగా ఏడిపించేది నేల రంగులోనే ఉండే కొయ్య పొట్టు.

ఈసారి మాలో తేలకుండా మిగిలినది ఒకే ఒక్క విషయం: భుజాన వేసుకుని వెళ్లిన పంచెను అతిథి తిరిగి ఇవ్వాలా, ఉంచుకోవచ్చా. తిరిగి రాని గుడ్డ ఎక్కడో కంచె దగ్గర చెత్తగా తేలుతుందని కొందరి భయం. అడిగి వెనక్కి తీసుకునేదాన్ని ఇచ్చామని ఎలా అంటామన్నది నా పట్టు. పంచె కొంగున మా వీధి గుర్తు కుట్టి, ఉంచుకోవచ్చునని, అక్కర్లేనప్పుడు మాత్రం ఆ గుర్తున్న చోట వదిలి వెళ్లమని నోటిమాటగా చెప్పేటట్టు ప్రస్తుతానికి ఒప్పందానికి వచ్చాం. కుట్టుపని ఈ నెల నుంచే మొదలవుతోంది. బే ఏరియాలో ఉండి, ఇంట్లో వాడని తెల్ల నూలు పంచెలూ చీరలూ ఉన్నవాళ్లు ఇస్తే తీసుకుంటాం. చిరుగులు ఉన్నా పరవాలేదు, అంచులు మేమే కుట్టుకుంటాం.